నూనె రాసిన టైరు

అనగనగా, ఊ కొట్టు గుంటా, ఘాటీ రోడ్డు కింద ఒక ఊళ్ళో నూకాలు అని ఒకావిడ ఉండేది. ఆవిడ పెనిమిటికి సామాన్ల ఆటో ఉండేది. కొండ మీంచి అనాసపళ్ళు దించుకొచ్చి సంతకి తోలేవాడు.

ఒకనాడు ఆయన కొత్త టైరొకటి భుజానేసుకుని వచ్చాడు. "రేపు బిగిస్తానే" అన్నాడు. ఆ రేపు రానేలేదు. జ్వరమొచ్చి ఆయన్ని పట్టుకుపోయింది.

అప్పుడు నూకాలు ఆ టైరుని గోనెలో చుట్టి అటకెక్కించీసింది. దసరా దసరాకీ దించేది. పసిపిల్లకి ఒళ్ళు రాసినట్టు కొబ్బరినూనె రాసేది. పసుపూ బొట్టూ పెట్టేది. ఆ తర్వాత ముక్కు ఆనించి వాసన చూసేది. ఆయన చొక్కా అలాగే వాసనొచ్చేది మరి. "ఆయన తెచ్చింది ఒక్కసారి రోడ్డెక్కితే చాలు తల్లీ" అని దండం పెట్టుకునేది.

ఏళ్ళు గడిచాయి. కూతురు పైడితల్లి పెద్దదై నాన్న ఆటో తోలుతోంది. ఒకనాడు వెనక టైరు అరిగిపోయింది. నూకాలు గబగబా అటకెక్కి దించుకొచ్చింది.

"కొత్తదుండగా కొనడమేటే? మీ నాన్నది బిగించు!"

పైడితల్లి టైరుని ఎండలో పెట్టింది. ముందుగా టైరు పక్కభాగం మీదున్న అంకెలు చూసింది. "తయారైన వారం, ఏడాది ఇక్కడ అచ్చేసుంటాయమ్మా. ఇది బాగా పాతది."

"నేల మీద తిరగందానికి ఈడేటే, నీ మొహం!"

"అటక మీద కూకున్నా రబ్బరు ముసలిదైపోద్దమ్మా."

అప్పుడు పైడితల్లి అరుగుదల చూడ్డానికి టైరు గాడిలో రూపాయి బిళ్ళ నిలబెట్టింది. బిళ్ళ బాగా లోపలికి దిగింది.

"సూసావా, అరగనే లేదు!" నూకాలు మొహం వెలిగిపోయింది.

ఆ తర్వాత పైడితల్లి టైరు పక్కల్ని బొటనవేలితో నొక్కి వంచింది. మడమలు పగిలినట్టు పగుళ్ళు. వేళ్ళు జిడ్డుగా జారాయి.

"దీనికేటి రాసావమ్మా?"

"కొబ్బరినూనె. ఎండిపోకుండా."

పైడితల్లి వేళ్ళు గోనెకి తుడుచుకుంది. "నూనె రబ్బర్ని తినేత్తాదమ్మా. దీంతో బరువేసుకుని ఘాటీ దిగితే పేలిపోద్ది. నాన్నే ఉన్నా బిగించడు."

నూకాలు కూలబడిపోయింది. టైరుని ఒళ్ళో పెట్టుకుని, "నా చేత్తో నానే..." అని ఏడ్చింది. ఏడుపు అయ్యేదాకా పైడితల్లి పక్కనే కూర్చుంది.

ఆ తర్వాత నూకాలు లేచి కొంగు బొడ్లో దోపింది. టైరుని నిలబెట్టింది. అరచేత్తో తోసుకుంటూ వీధి దాటించి తారురోడ్డు ఎక్కించింది. బరువు లేదు, ఘాటీ లేదు. అది మెల్లగా దొర్లుతుంటే, దాని పక్కనే నడిచింది.

పొరుగింటి అప్ప చూసి పకపకా నవ్వింది. "ఏటే నూకాలూ, టైరు తోలుకెల్తన్నావు, బండేదే?"

"బండి ముందెల్లిపోనాదప్పా" అంది నూకాలు, చెయ్యి తియ్యకుండా. "మేం ఎనకాల వత్తన్నాం."

కథ దొర్లిపోయింది కంచికి,
మనం మళ్ళిపోదాం ఇంటికి,
నిదరమ్మ దిగిరావాలి నీ కంటికి.