నింపేసిన గడులు

భీమవరం దగ్గర ఒక రొయ్యల ఎగుమతి కంపెనీలో, ఖాళీ గడి కనిపిస్తే తెలిసినా తెలియకపోయినా ఏదో ఒకటి రాసేస్తే గాని నిద్రపట్టని కోదండం అనే హెచ్ఆర్ ఉద్యోగి ఉండేవాడు. బడిలో చదివే రోజుల్లో కూడా అంతే. జవాబు రాని ప్రశ్నను వదిలిపెట్టేవాడు కాడు. తోచింది రాసి, పేజీ నిండింది కదా అని సంతోషించేవాడు. అప్పుడప్పుడు మార్కులు కూడా పడేవి. అవే అతన్ని పాడుచేశాయి.

ఆ ఏడాది హైదరాబాదులోని హెడ్డాఫీసు వాళ్ళు కొత్త క్లౌడ్ సాఫ్ట్‌వేర్ తెచ్చారు. ఉద్యోగి వివరాలు ఒకసారి అందులో ఎక్కిస్తే చాలు, ఎవరికి ఎక్కడ అవసరమైనా ఫోన్లో కనిపిస్తాయి. పేరు, ఊరు, బ్లడ్ గ్రూపు, ఏవైనా మందులు పడవా, ఆపదలో ఎవరికి ఫోన్ చేయాలి, ఇలా ముప్ఫై గడులు ఉండేవి. అన్నీ నిండితే ఫొటో చుట్టూ ఎర్ర గీత పచ్చగా మారేది. ఏ ఫ్యాక్టరీలో నూటికి ఎంతమంది పచ్చబడ్డారో హెడ్డాఫీసులో అందరూ చూసేవారు.

హెచ్ఆర్ మేనేజరు హైమవతి గారు కోదండాన్ని పిలిచి, “వారం రోజులుంది. ప్రతి ఒక్కరినీ అడిగి రాయి. తెలియనివి ఉంటే ఖాళీగా వదిలెయ్. వంద రాలేదేమని పైవాళ్ళు అడిగితే నేను చెప్పుకుంటాను” అంది.

“అలాగేనండి” అన్నాడు కోదండం. కాని మనసులో మాట వేరే ఉంది. నెలాఖరుకి అతని ప్రొబేషన్ పూర్తవుతుంది. ఉద్యోగం పర్మనెంటు కావాలంటే పైవాళ్ళ కళ్ళలో పడాలి. నూటికి నూరు తెస్తే పడక చస్తానా అనుకున్నాడు.

రొయ్యలు ఒలిచే హాల్లోకి వెళ్ళడం తేలిక కాదు. గమ్‌బూట్లు తొడుక్కోవాలి, టోపీ మాస్కు పెట్టుకోవాలి, మందు నీళ్ళలో చేతులు ముంచాలి. లోపల చలికి పళ్ళు కొట్టుకుంటాయి. అక్కడ పనిచేసే ఆడవాళ్ళు ఎక్కువమంది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి కంపెనీ హాస్టల్లో ఉండేవారు. ఒక్కొక్కరిని నిలబెట్టి అడిగితే, “నాకేటి తెలుసు బాబూ, మాయమ్మనడగాలి” అనేవారు. రెండు రోజులు తిరిగేసరికి కోదండానికి జలుబు చేసింది, విసుగూ పుట్టింది. ఇంకా నాలుగు వందల మంది మిగిలారు.

మూడో రోజు అతను ఏసీ గదిలో కూర్చుని ఒక ఉపాయం చేశాడు. మందులు పడవా అన్న చోట మొదటి గడిలో “ఏమీ లేవు” అని రాశాడు. ఆ గడి మూలను మౌసుతో పట్టుకుని కిందికి లాగాడు. నాలుగు వందల మందికి ఒక్క లాగుడుతో ఏ మందైనా పడిపోయింది. ఆపదలో పిలవాల్సిన ఫోన్ నంబరు ఎక్కడెక్కడ లేదో అక్కడ తన నంబరే వేశాడు. “ఎవరిదో ఒకరిది ఉండాలిగా, నాదైతే తప్పేముంది” అని తనకు తానే సర్ది చెప్పుకున్నాడు. సాయంత్రానికల్లా ఫ్యాక్టరీ మొత్తం పచ్చబడింది.

హెడ్డాఫీసు నుంచి మెచ్చుకుంటూ ఉత్తరం వచ్చింది. హైమవతి గారు కేకు కోయించింది. “అందర్నీ అడిగావా?” అంది. “అడిగానండి” అన్నాడు కోదండం. పైన పటారం, లోన లొటారం అని పెద్దలు ఊరికే అనలేదు.

పది రోజులు గడిచాయి. పదకొండో రోజు పొద్దున ఒలుపు హాల్లో సన్యాసమ్మ అనే అమ్మాయి తడి నేల మీద జారి పడింది. స్టీలు బల్ల అంచు తలకు తగిలి లోతుగా చీరేసింది. స్పృహ లేదు. హైమవతి గారూ కోదండమూ ఆమెను అంబులెన్సులో ఆసుపత్రికి తీసుకెళ్ళారు.

లోపల డాక్టరు షరీఫ్ గారు గాయం చూసి, “ఆపరేషన్ చేయాలి. ఇంట్లోవాళ్ళకి ఫోన్ చేయండి, నేను మాట్లాడాలి” అన్నాడు.

హైమవతి గారు తన ఫోన్లో సన్యాసమ్మ వివరాలు తెరిచింది. పచ్చ గీత చూసి ఆమెకు ధైర్యం వచ్చింది. అక్కడి ఆసుపత్రి ఫోన్‌లో ఆ నంబరు నొక్కింది. కోదండం జేబులో ఫోన్ మోగింది.

 గబుక్కున తీసి కట్ చేశాడు.

“కట్ చేశారేంటి?” అంది హైమవతి గారు, మళ్ళీ నొక్కింది. మళ్ళీ అతని జేబే మోగింది. “ముందు ఆ ఫోన్ సంగతి చూడవయ్యా, ఇక్కడ ప్రాణం పోతుంటే” అని కసిరింది. కోదండం ఫోన్ చప్పుడు కాకుండా చేసేశాడు. ఆమె మూడోసారి చేసింది. ఈసారి ఎవరూ ఎత్తలేదు. ఎత్తవలసినవాడు పక్కనే నిలబడి చెమటలు కక్కుతున్నాడు.

“ఎత్తడం లేదు డాక్టరు గారూ.”

“సరే, మందులేవైనా పడవా ఈమెకి? టెస్టు చేసి అరగంట ఆగే పరిస్థితి కాదు.”

“ఏమీ లేవండి. ఇదిగో, మా రికార్డులో స్పష్టంగా ఉంది” అంటూ ఆమె ఫోన్ చూపించింది.

డాక్టరు చదివి తల ఊపాడు. “పెన్సిలిన్ ఇంజక్షన్ సిద్ధం చెయ్యి” అని నర్సుతో చెప్పాడు.

కోదండం ఆ అక్షరాలు చూశాడు. తను ఏసీ గదిలో కిందికి లాగిన అక్షరాలే. ఇప్పుడు ఒక డాక్టరు వాటిని నమ్ముతున్నాడు. నోరు విప్పితే ఉద్యోగం పోతుంది. విప్పకపోతే? వందమందిలో ఏ ఒక్కరికో ఇద్దరికో కదా మందు పడనిది, ఈ అమ్మాయికే ఎందుకవుతుంది అని ఒక బుద్ధి చెప్పింది. ఒకవేళ ఈమెకే అయితే, అని ఇంకో బుద్ధి అడిగింది. నర్సు సీసాలోంచి మందు లాగింది. సన్యాసమ్మ చెయ్యి పట్టుకుని దూదితో తుడిచింది. 

“ఆగండి సిస్టర్” అన్నాడు కోదండం. “ఆ మాట నేను రాసింది. ఆమెను అడగలేదు. ఎవరినీ అడగలేదు. నంబరు కూడా నాదే. ఇందాకటి నుంచి మోగింది నా ఫోనే.”

నర్సు చెయ్యి ఆగిపోయింది. హైమవతి గారు అతనివంక చూసింది. ఆ చూపు కన్నా తిట్టు నయమనిపించింది అతనికి.

డాక్టరు మాత్రం తిట్లకు సమయం పెట్టుకోలేదు. “ఈమెవాళ్ళు ఎవరైనా వెంటనే దొరుకుతారా? వేరే మందున్నా, అది పడుతుందో లేదో నాకేం తెలుసు?” అన్నాడు.

కోదండం బయటికి పరుగెత్తాడు. వరండాలో తడి ఏప్రన్‌తోనే ఒక అమ్మాయి గోడకానుకుని ఏడుస్తోంది. పేరు గౌరి. సన్యాసమ్మతోపాటు హాస్టల్లో ఒకే గదిలో ఉంటుంది. అంబులెన్సు వెనకాలే ఆటోలో వస్తే వాచ్‌మన్ లోపలికి రానివ్వలేదు. పది అడుగుల దూరంలో మనిషి ఉంటే, అందరూ ఫోన్లో రాత పట్టుకుని కూర్చున్నారు.

“సన్యాసమ్మ వాళ్ళింటి నంబరు తెలుసా అమ్మా?”

“తెలుసండి. ఆళ్ళమ్మ నంబరు నాకు నోటికే వచ్చు” అంది గౌరి. కళ్ళు తుడుచుకుని ఒక్కొక్క అంకే చెప్పింది.

అవతల తల్లి ఎత్తింది. కోదండం ఫోన్‌ను డాక్టరుకు అందించాడు. డాక్టరు గాయం సంగతి రెండు ముక్కల్లో చెప్పి, “అమ్మా, మీ పాపకి ఏదైనా మందు పడదా? పెన్సిలిన్ అని ఎప్పుడైనా విన్నారా?” అని అడిగాడు.

ఆ తల్లి కేక గదిలో అందరికీ వినిపించింది. “ఆ సూదెయ్యకండి బాబూ. నిరుడు కాలికి రేకు గీసుకుంటే ఆ సూదే ఏశారు. మొకం వాసిపోయి ఊపిరాడక సచ్చి బతికినాది. ఆ పేరు మర్సిపోవద్దని నర్సమ్మ నాసేత పదిసార్లు పలికించినాది.”

నర్సు చేతిలోని సిరంజీని చెత్తడబ్బాలో పడేసింది. కోదండం చూపు ఆ డబ్బా మీదే ఉంది. ఇంకో నిమిషం తను నోరు మూసుకుని ఉంటే, ఆ తల్లికి ఏమని ఫోన్ చేసేవాళ్ళు? ఎవరు చేసేవాళ్ళు?

డాక్టరు వేరే మందు వాడి, దగ్గరుండి కనిపెట్టుకుని ఆపరేషన్ చేశాడు. సాయంత్రానికి సన్యాసమ్మ కళ్ళు తెరిచి మంచినీళ్ళు అడిగింది. ఆ మాట విని కోదండం వరండాలో నిలబడి అందరి ముందూ ఏడ్చేశాడు.

మర్నాడు హైమవతి గారు అతన్ని పిలిచింది. “చివర్లో నిజం చెప్పావు కాబట్టి నీ ఉద్యోగం తీయమని నేను రాయడం లేదు. ముందు అబద్ధం చెప్పావు కాబట్టి పర్మనెంటు చెయ్యమనీ రాయడం లేదు. ఇంకో ఆరు నెలలు ప్రొబేషన్. నువ్వు నింపినవన్నీ నీ చేత్తోనే తుడిచెయ్. ఎందుకు తుడిచావో హెడ్డాఫీసుకి నువ్వే రాయి” అంది.

కోదండం తుడిచాడు. మధ్యాహ్నానికి ఫ్యాక్టరీలో మూడొంతుల్లో రెండొంతులు ఎర్రబడింది. హెడ్డాఫీసుకి దాచకుండా రాశాడు. అక్కడివాళ్ళు పదిమంది చదివారు, ఇద్దరు ఫోన్ చేసి చీవాట్లు పెట్టారు. అన్నీ పడ్డాడు.

ఆ తర్వాత గమ్‌బూట్లు తొడుక్కుని చలి హాల్లోకి వెళ్ళాడు. రోజుకు ఇరవై మందిని అడిగాడు. తెలియదన్నవాళ్ళ ఇళ్ళకు వాళ్ళ ఎదుటే ఫోన్ చేశాడు. జలుబు మళ్ళీ వచ్చింది. అయినా మానలేదు. నెల తిరిగేసరికి మందులు పడనివాళ్ళు ఇంకో తొమ్మిది మంది తేలారు. ఆ తొమ్మిదిమందికీ అతను ఇదివరకు “ఏమీ లేవు” అని రాసి ఉన్నాడు.

చివరి రోజున ఐస్ గదిలో పనిచేసే అప్పాయమ్మ అనే పెద్దావిడ వంతు వచ్చింది. ఆమెకు నా అన్నవాళ్ళు లేరు. “నాకు ఏ మందు పడదో, ఏది పడతాదో ఎవరికి తెలుసు నాయనా? నీకు తోచింది రాసుకో” అంది.

కోదండం ఫోన్లో ఆమె వివరాలు తెరిచాడు. ఆ గడిలో “తెలియదు, టెస్టు చేసి చూడాలి” అని రాశాడు, ఆపదలో పిలవాల్సిన నంబరు గడిని ఖాళీగా వదిలేశాడు. అప్పాయమ్మ ఫొటో చుట్టూ గీత ఎర్రగానే ఉండిపోయింది. ఆ ఎరుపు చూసి అతనికి సిగ్గు వేయలేదు.

నీతి: తెలియని చోట తెలియదని రాస్తే ఇంకొకరు అడిగి తెలుసుకుంటారు, తెలిసినట్టు రాస్తే ఇక ఎవరూ అడగరు, ప్రాణాల మీదికి వచ్చేది అక్కడే.