చిప్పలమొగకి వచ్చిన నోరు తెరవని చుట్టం

ఉప్పుటేరు ఒడ్డున చిప్పలమొగ అని ఒక ఊరు. ఏటి బురదలో గుల్లలు ఏరుకుని కండ కూర వండుకుంటారు, చిప్పలు కాల్చి సున్నం చేసుకుంటారు. ఆ ఊళ్ళో నూకరాజు, పోలయ్య, చిట్టబ్బాయి అని ముగ్గురు అన్నదమ్ములు. ఊరి తెలివంతా తమ ఇంట్లోనే ఉందని వాళ్ళ నమ్మకం. ఊరు కూడా కాదనేది కాదు. కాదంటే రుజువు చెయ్యడానికి ముగ్గురూ బయల్దేరతారని భయం.

ఇంత తెలివైన ఇంటికి పిల్లనిచ్చే ధైర్యం మాత్రం ఎవరికీ లేకపోయింది. పెద్దవాడు నూకరాజుకి జుట్టు నెరుస్తోంది. చివరికి వీళ్ళ సంగతి తెలియని మెట్ట ఊరి పెద్దమనిషి అప్పలస్వామి, పెళ్ళికొడుకుని చూడ్డానికి భోజనాల వేళకి వస్తున్నానని కబురు పెట్టాడు.

ఊరికెళ్తున్న మేనత్త మంగమ్మ పడవెక్కబోతూ, "ఒరే, ఆయనకి గుల్లల కూర పెట్టండి. కన్నం ఎక్కడుంటే గుల్ల అక్కడుంటుంది. ఉప్పునీళ్ళలో వేస్తే కడుపులో ఇసకంతా కక్కేస్తుంది. ఆనక ఉడకబెడితే నోరు తెరుస్తుంది. తెరవకపోతే చచ్చిందన్నమాట, ఇంట్లో ఉంచకండి. మురికినీళ్ళు తాగి తేటనీళ్ళు వదిలే జీవంరా అది, మీకంటే నయం" అంది.

"మాకు ఒక్కసారి చెబితే చాలత్తా" అన్నాడు పోలయ్య.

"అదేరా నా భయం" అంటూ మంగమ్మ వెళ్ళిపోయింది.

"కన్నం ఉంటే గుల్ల ఉంటుందట కదా, ఏటిదాకా ఎందుకు?" అన్నాడు చిట్టబ్బాయి. అంతే. గునపం తెచ్చి వాకిలంతా కన్నాలు పొడిచి, ఒక్కోటీ తవ్వుకుంటూ పోయారు. వాకిలి పోయింది గాని గుల్ల రాలేదు. "కన్నాలు ఇంకా లేతవి, ముదరాలి" అని తేల్చుకుని, ఏటికే వెళ్ళి గంపెడు ఏరుకొచ్చారు.

ఉప్పునీళ్ళ కుండలో వేస్తే గుల్లలు గొట్టాల్లాంటివి బయటికి చాపి ఇసక కక్కాయి.

"ఈ ఇసక పారబొయ్యాలేమోరా" అన్నాడు నూకరాజు.

"కక్కించమంది. పారబొయ్యమందా?" అన్నాడు పోలయ్య.

ఇంకేముంది, ఇసకతో సహా కుండ పొయ్యెక్కింది.

అప్పలస్వామి గోతుల్లో పడుతూ లేస్తూ వాకిలి దాటాడు. "ఏంటి బాబూ ఇవి?" అంటే, "మీ కోసమేనండి" అన్నారు మర్యాదగా.

మొదటి ముద్దకే ఆయన పళ్ళు కరకరలాడాయి. మింగలేడు, వియ్యానికొచ్చి ఉమ్మలేడు. మంచినీళ్ళిమ్మని సైగ చేశాడు. చిట్టబ్బాయి గ్లాసులో ఏటి బురదనీళ్ళు ముంచి, ఒక పచ్చిగుల్ల వేసి ఇచ్చాడు. "కాస్త ఆగి తాగండి. అది తేట చేసేస్తుంది."

అప్పలస్వామి గ్లాసులోకి చూసి, పెదాలు బిగించి అలాగే ఉండిపోయాడు.

"మా అన్న నచ్చాడాండీ?" అంటే నోరు తెరవలేదు. "పిల్ల పేరేంటండీ?" అన్నా తెరవలేదు.

"నోరు తెరవలేదంటే పోయినట్టే. ఇంట్లో ఉంచొద్దంది అత్త" అన్నాడు పోలయ్య గొంతు తగ్గించి.

"కళ్ళు తిప్పుతున్నాడు కదరా" అన్నాడు నూకరాజు.

"కళ్ళ సంగతి అత్త చెప్పలేదు."

నూకరాజుకి ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళకి ఒక్క మామగారు దొరికితే ఆయన్నీ పారెయ్యాలా? "ఒరే, కడుపులో ఇసకుంది కదా. ముందు ఉప్పునీళ్ళలో వేసి చూద్దాం" అన్నాడు.

ఇంత తెలివి ఆ ఇంట్లో తప్ప ఇంకెక్కడ పుడుతుంది? కాళ్ళు ఒకడు, చేతులు ఒకడు, తలపాగా ఒకడు పట్టుకుని, తీసుకెళ్ళి ఉప్పుటేట్లో పడేశారు.

అప్పలస్వామి నీళ్ళలోంచి లేచాడు. ఇసక కక్కాడు. ఆపైన నోరు బార్లా తెరిచి, వాళ్ళ ఏడు తరాలనీ వరసపెట్టి తిట్టడం మొదలెట్టాడు.

"తెరిచాడ్రా. మా మామగారు బతికే ఉన్నారు" అని నూకరాజు కళ్ళు తుడుచుకున్నాడు.

పోలయ్య ఒడ్డున గొంతుక్కూర్చుని, ఆ నోట్లోకి తొంగిచూసి తల పంకించాడు.

"ఇంత బాగా తెరుచుకుందంటే ఉడికినట్టే. ఒరే చిట్టబ్బాయ్, నువ్వెళ్ళి తాళింపుకి ఉల్లిపాయలు తరుగు."