పెళ్ళికొచ్చిన లేసు దిండు

మా వీధిలో తెలివికి కొదవ లేదు. ఎందుకంటే గవరయ్య కుటుంబం మా ఎదురింట్లోనే ఉంటుంది. గవరయ్య, వాళ్ళావిడ నూకరత్నం, తల్లి పైడమ్మ. "చెప్పింది చెప్పినట్టు చెయ్యడానికి బుర్ర ఉండాలి మాణిక్యం. మీకేమో సగం చెబితే మిగతా సగం మీరే ఊహించేసుకుంటారు" అని పైడమ్మ నాకు రోజూ పాఠం చెప్పేది. నాది కుట్టుమిషను బతుకు. ఎదురు చెబితే వాళ్ళ జాకెట్లు ఇంకొకరి దగ్గరికి పోతాయని నోరు మూసుకునేదాన్ని.

మా ఊళ్ళో ఆడవాళ్ళందరూ కొక్కెం సూదితో లేసు అల్లుతారు. దిండు మీద అల్లడం మాత్రం సుందరమ్మ మామ్మగారొక్కరికే వచ్చు. గడ్డి గట్టిగా కూరిన గుండ్రటి దిండు, దాని మీద కాగితం, కాగితం మీద పువ్వుల గీతలు, గీతల వెంబడి గుండుసూదులు. సూదుల చుట్టూ తిరిగే ప్రతి దారం చివరా ఒక చెక్క కండె. మొత్తం అరవై నాలుగు కండెలు. మనవరాలు ఎస్తేరు పెళ్ళి ముసుగుకి అంచు అల్లుతోందావిడ, ఏడాది నుంచీ. చూపు మసకబారిపోయింది. ఇదే ఆఖరి లేసని ఆవిడకీ తెలుసు, మాకూ తెలుసు. ఆ అంచు పిల్ల తల మీద కళ్ళారా చూసుకోవాలని ఆవిడ కోరిక.

శుక్రవారం పెళ్ళనగా మంగళవారం కంటి ఆపరేషనుకి రమ్మన్నారు. ఇంట్లో చూస్తే చుట్టాల పిల్లలు కోతుల్లా ఎగురుతున్నారు. మామ్మగారు దిండు పట్టుకుని గవరయ్య ఇంటికి వచ్చారు.

"నూకరత్నం, జాగ్రత్తగా విను. ఇదిగో, దువ్వెనలా పళ్ళున్న ఈ చెక్క సందుల్లో కండెలు వరసగా పెట్టి పట్టీ బిగించాను. ఇది తియ్యొద్దు. దుమ్ము పడనివ్వొద్దు. నేను చెప్పేదాకా ఒక్క సూదీ లాగొద్దు. లాగిన సూది మాత్రం నేల మీద పడెయ్యకూడదు, ఎవరి కాల్లోనైనా దిగుతుంది. దగ్గర్లో మెత్తగా ఏదుంటే దాంట్లో గుచ్చెయ్యాలి. చంటిపిల్లని చూసుకున్నట్టు చూసుకోవాలమ్మా."

అంతే. ఆవిడ బస్సెక్కగానే గవరయ్య అటక మీంచి ఉయ్యాల దింపాడు. దిండుని పడుకోబెట్టి పైడమ్మ ఊపింది. కండెలు టకటకలాడాయి.

"ఏడుస్తోందే" అంది పైడమ్మ.

"ఆకలేమో అత్తా" అంది నూకరత్నం.

చెయ్యి ఆపి విన్నారు. టకటక ఆగింది. ఊపారు, మళ్ళీ మొదలు.

"మన గవరయ్య ఊపితే ఊరుకునేవాడు. ఇది ఊపితేనే ఏడుస్తోంది. దిష్టి తగిలింది" అని తేల్చేసింది పైడమ్మ. ఇంకేముంది, ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో పోశారు. వీధి వీధంతా దగ్గింది. అది చాలక కాటుక తీసి దిండు పక్కన దిష్టిచుక్క కూడా పెట్టారు. లేసుకి అంగుళం దూరం. నేను గుమ్మంలోంచి అరిస్తే, "చంటిపిల్లకి చుక్క పెట్టరా? నువ్వు కనలేదా?" అని నన్నే కసిరారు.

తర్వాత దుమ్ము సంగతి వచ్చింది. ఊడిస్తే దుమ్ము లేస్తుందని ఇల్లు ఊడవడం మానేశారు. వీధిలో లేస్తే ఇంట్లోకి వస్తుందని నా వాకిలి కూడా ఊడవనివ్వలేదు. గవరయ్య పంపు దగ్గర్నుంచి బిందెలు మోసి రోడ్డు మొత్తం తడిపాడు. అంతే, పాలు పోసే అబ్బులు సైకిలు జారి, పాలతో సహా బోర్లా పడ్డాడు. లేచి బట్టలు దులుపుకోబోతే నూకరత్నం పరుగెత్తుకొచ్చింది.

"దులపకు బాబూ, దుమ్ము."

"దుమ్మేంటమ్మా, నిలువెల్లా బురదైతేనూ?"

"ఓహో, బురదా? దులుపుకో. మామ్మగారు బురద గురించేం చెప్పలేదు."

గురువారం మధ్యాహ్నం మామ్మగారి కొడుకు ముసుగు గుడ్డ తెచ్చి నాకిచ్చాడు. అంచు పొడవు సరిపోతుందట, కుట్టెయ్యమన్నారట, ఆవిడ రేపు ఆసుపత్రి నుంచి తిన్నగా చర్చికే వస్తారట. నేను కత్తెర తీసుకుని వెళ్ళాను. పైడమ్మ ఉయ్యాలకి అడ్డంగా కూర్చుంది.

"కత్తెరెందుకే?"

"కండెల దారాలు కోసి, సూదులు తీసి, లేసు విప్పాలి పిన్నీ."

"సూదులు తియ్యమని మామ్మగారు నీతో అన్నారా?"

"కుట్టమన్నారు."

"కుట్టుకో మరి. వద్దన్నదెవరు?"

మామ్మగారికి ఫోను చేద్దామంటే ఆ ఫోను మూగబోయి ఉంది. లాక్కుందామంటే ముగ్గురూ దిండుని వాటేసుకున్నారు. గట్టిగా లాగితే ఏడాది కష్టం పుటుక్కున తెగుతుంది. ఏం చెయ్యను? జానెడు లేసు దిండు మీదే సూదుల కింద ఉంది, మిగతాదంతా బయటికి వేలాడుతోంది. ఉయ్యాల పక్కన కూర్చుని, దిండుతో ఉన్న లేసుని ఉన్నట్టే ముసుగుకి చేత్తో కుట్టాను. నవ్వకండి. పొద్దున్నే ఆవిడ వచ్చి చెబుతారు కదా అనుకున్నాను.

మర్నాడు ఆవిడ బస్సు ఆలస్యమైంది. ముహూర్తం ఆగుతుందా? ఎస్తేరు తెల్ల ముసుగేసుకుని చర్చిలోకి నడిచింది. వెనకాల దిండుని చంకనేసుకుని పైడమ్మ, పళ్ళచెక్క పట్టుకుని నూకరత్నం, దుమ్ము పడకుండా గొడుగు పట్టి గవరయ్య. అడుగడుక్కీ అరవై నాలుగు కండెలు టకటకా, టకటకా. పాస్టరుగారు బైబిలు మూసేశారు.

సరిగ్గా అప్పుడే నల్లకళ్ళద్దాలతో మామ్మగారు దిగారు. మనవరాలి దగ్గరికెళ్ళి ముసుగు చేతిలోకి తీసుకున్నారు. "ప్రతి పువ్వూ కనిపిస్తోందే తల్లీ" అన్నారు. ఎస్తేరు ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఆ తర్వాత ఆవిడకి దిండు కనిపించింది.

"మాణిక్యం, కత్తెర" అన్నారు. దారాలు కోసి ముళ్ళేశాను. "గవరయ్యా, ఇప్పుడు తియ్యి బాబూ సూదులు."

ఆ మాట కోసమే నాలుగు రోజులుగా కాచుకున్నారు కదా, మొగుడూ పెళ్ళాం ఎగబడి తీసేశారు. జానెడు లేసు చెక్కుచెదరకుండా లేచి వచ్చింది. ఒక్క పువ్వు చెడలేదు. అందరం మామ్మగారి చుట్టూ మూగి మురిసిపోతున్నాం.

పైడమ్మ నన్ను మోచేత్తో పొడిచింది. "చూశావా మా తెలివి? వంద సూదులు తీశారు, నేల మీద ఒక్కటి చూపించు."

నేలంతా వెతికాను. నిజమే, ఒక్కటీ లేదు. ఉత్త సిమెంటు నేల. బల్లలేమో చెక్కవి, దిండేమో రాయిలా గట్టిది. మెత్తనిది అంటూ ఉంటే, పీఠం ముందు వధూవరులకి వేసిన ఎర్ర మఖమలు కుర్చీలే.

"సూదులు ఎక్కడ గుచ్చారు పిన్నీ?" అని నేను అడిగేలోపు పాస్టరుగారు ఇద్దరినీ కూర్చోమన్నారు.

పెళ్ళికొడుకు కూర్చున్నాడు.