ధార పడని కలశం

పూర్వం మేఘవతీ నదీతీరాన రత్నసాను నగరాన్ని ఏలిన మణికేతు మహారాజు, దిక్కులన్నిటినీ జయించి, ఇక జయించవలసింది స్వర్గమొక్కటే అనుకుని, ఉన్నదంతా దానం చేసే సర్వస్వయాగానికి పూనుకున్నాడు. ధర్మజ్ఞుడు, సత్యసంధుడు, గొప్ప దాత. కాకపోతే తాను ఇస్తున్నానన్న సంగతిని ఒక్క క్షణం కూడా మరవలేనివాడు.

బంగారు కలశంతో నీళ్లు ధారపోస్తూ, "ఇదం న మమ", అంటే ఇది నాది కాదు అంటూ, గోవులనిచ్చాడు, ఏనుగులనిచ్చాడు, ఊళ్లకు ఊళ్లే ఇచ్చాడు. చివరికి అంతఃపుర పరిజనం వంతు వచ్చింది. వారిలో రాజుకు పాలిచ్చి పెంచిన దాది కురంగి ఉంది. సముద్రపు రేవులో కాపురముంటున్న కూతురి దగ్గర శేషకాలం గడుపుతానని ఆ ముసలామె ఎన్నోమార్లు సెలవడిగితే, "చూద్దాంలే" అన్న రాజు ఆ మాట అక్కడే మరిచిపోయాడు. ఇప్పుడామెను ఉత్తరాన కొండలకు ఆవల తపస్సు చేసుకునే ఉదర్చి మహర్షికి దానమిస్తున్నాడు. అక్కడికి పోతే ఆమె ఇక ఈ జన్మలో కూతుర్ని చూడలేదు.

మహర్షి చేయి చాచాడు. రాజు కలశం వంచి "న మమ" అన్నాడు. ఏం చెప్పను, నిండు కలశంలోంచి చుక్క రాలలేదు! ఇంకా వంచాడు, తలకిందులు చేశాడు, అయినా నీరు లోపలే నిలిచిపోయింది. హోమగుండంలో అగ్నిదేవుడు మొహం చాటేసినట్లు జ్వాల పక్కకు ఒరిగింది. సభలో గుసగుసలు బయలుదేరాయి.

"దాదీ, నీ మనసులో అయిష్టమేదో ఉంది. అందుకే ధార ఆగింది" అన్నాడు రాజు. తప్పు ఎవరి నెత్తినైనా రుద్దాలి కదా మరి.

"ఉంది నాయనా" అంది కురంగి. "అయినా పొమ్మంటే పోతాను. పొమ్మన్న చోటికి పోవడమే కదా నేను నేర్చింది. కానీ నాది కాదు, నాది కాదు అంటున్నావే, నీది కానిదాన్ని ఎట్లా ఇస్తావు?"

రాజు తలకిందులైన కలశాన్ని అట్లాగే పట్టుకుని ఆమె వంక చూశాడు.

"నీకు పాలిచ్చిన రోజుల్లో నా కూతురు గంజినీళ్లతో పెరిగింది. దాని ఏడుపుకు నీ నిద్ర చెడుతుందని వాకిలి అవతల పడుకోబెట్టేదాన్ని. ఆ దానానికి ఎవరూ ధారపోయలేదు నాయనా."

ఉదర్చి మహర్షి చాచిన చేయి ముడుచుకుని, "రాజా, మనిషిని పుచ్చుకోవడానికి చేయి చాచిన నాకూ ఈ పాపంలో పాలుంది" అని తల దించుకున్నాడు.

అప్పుడు మణికేతు, దిక్కులను గెలిచిన ఆ మహావీరుడు, సిగ్గుతో చితికిపోయి, కిరీటం తీసి పక్కన పెట్టి, కలశం చేతపట్టుకునే యాగవేదిక దిగివచ్చి, ఆమె మొహం చూడలేక పాదాలే చూస్తూ, "అమ్మా, నువ్వు నాదానివి కావు. ఎన్నడూ కావు. నిన్ను ఇవ్వడానికీ ఉంచుకోవడానికీ నేనెవణ్ణి?" అన్నాడు. కలశంలోని నీరు ధారగా జారి ఆమె పాదాలు తడిపింది.

జ్వాల నిటారుగా లేచి, అగ్నిదేవుడు ప్రత్యక్షమై వరం కోరుకొమ్మన్నాడు.

"స్వామీ, స్వర్గం అడిగే మొహం నాకు లేదు. ఇకమీదట నా రాజ్యంలో మనిషిని దానమివ్వబోతే ఏ కలశమూ ధార విడవకూడదు."

అగ్నిదేవుడు తథాస్తు అన్నాడు. పరిజనంలో పోదలచినవారు పోయారు, ఉండదలచినవారు తమ ఇష్టంతో ఉండి తమ పని చేసుకున్నారు, ఋతువులు యథావిధిగా నడిచాయి.

కురంగికి రాజు పల్లకీ తెప్పిస్తే, ఒకరి భుజాలెక్కి కూతురి దగ్గరికి పోలేనని ఆమె నడిచే బయలుదేరింది. నగరద్వారం దాకా వెంట వెళ్లిన రాజు, ఆ కూతురి పేరేమిటని అడగబోయి, ఇన్నేళ్లూ అది కూడా తెలుసుకోలేదే అని ఆగిపోయాడు.

ఆ దేశంలో నేటికీ ధారపోసేటప్పుడు దాత తల వంచుతాడు. చూసేవారు వినయమనుకుంటారు. అది ఆనాటి మణికేతు సిగ్గు.