కత్తికి రెండో వైపు

మా గురువుగారు భ్రమరాంబగారికి ఒక చెడ్డ అలవాటు ఉండేది. ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు. ఏదో ఒక పాత వస్తువు తెచ్చి ఎదురుగా పెట్టి, "ఏం కనిపిస్తోందో చెప్పు" అంటారు. కృష్ణ ఒడ్డున మా చిన్న మ్యూజియంలో, తవ్వకాల్లో దొరికిన ఇనుమునీ రాగినీ బాగుచేసే పని ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్ళం ఇద్దరమే, నేనూ పరాంకుశమూ. ఆ అలవాటు మీద ఇద్దరికీ విసుగే. అతను పైకి అనేవాడు కాదు, నేను అనేదాన్ని. పైగా ఆమె ముందు "అందంగా ఉంది" అనకూడదు, "చాలా పాతది" అనీ అనకూడదు. ఈ చివరనుంచి ఆ చివరదాకా ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. అలా చెప్పటంలో పరాంకుశం నాకంటే నాలుగాకులు ఎక్కువే చదివాడు.

అతని భార్య అలివేలు పోయి అప్పటికి ఏడాది. పిల్లలు లేరు. సంవత్సరీకం అయిన మూడోనాడు పనిలోకి వచ్చాడు. ఎక్కడో దూరపు ఊరికి బదిలీ అడిగి తెచ్చుకున్నాడు. ఆమె చీరలు పంచేశాడు, కుట్టుమిషను ఎవరికో ఇచ్చేశాడు, ఇల్లు అద్దెకిచ్చి పోతానన్నాడు. ఊరు మారితే మనసు కాస్త తేలికపడుతుందిలే అని నేను కూడా నలుగురిలాగే అన్నాను. ఇంతకంటే పనికిరాని మాట ఇంకోటి ఉండదని అంటున్నప్పుడే తెలుసు.

ఆ మధ్యాహ్నం ముగ్గురం భోజనాలకి కూర్చున్నాం. అతను క్యారేజీ మూత తియ్యలేదు.

"అమ్మా, ఇనుముకి పట్టిన తుప్పు వదిలించటం నేర్పించారు. మనిషికి పట్టింది వదిలించటం ఎట్లా?"

అతను ఇలాంటి మాటలు మాట్లాడే మనిషి కాదు. నాకు భయమేసింది. గురువుగారు మజ్జిగ గ్లాసు కింద పెట్టి, "ఎక్కడ పట్టింది?" అన్నారు, ఏ గునపం గురించో అడిగినట్టు.

గోడ సంగతి చెప్పాడు. అతను అన్నం తింటుంటే అలివేలు వంటింటి గుమ్మంలో కూర్చుని, పక్కగోడకి తల ఆనించి కబుర్లు చెప్పేదట. ఇరవై రెండేళ్ళ కొబ్బరినూనె ఆ గోడలోకి ఇంకి, అరచెయ్యంత మరకయింది. "వెల్లవేసేవాళ్ళు సోమవారం వస్తారు. నూనె మరక మీద సున్నం నిలవదంట, ముందే గీకి ఉంచమన్నారు. ఉప్పుకాగితం తెచ్చాను. నాలుగు రోజుల్నుంచీ అది చేతిలో పట్టుకుని గోడ ముందు కూర్చుంటున్నా. అన్నం కూడా అక్కడే తింటున్నా. అది పోతేగానీ నేను కదల్లేనమ్మా."

ఆమె లేచి హాల్లోకి వెళ్ళారు. గాజుపెట్టె తాళం తీసిన చప్పుడు వినిపించింది. తిరిగొచ్చేసరికి చేతుల మీద, పసిపిల్లని తెచ్చినట్టు, ఆ ఇనపకత్తి ఉంది.

ఆ కత్తి గురించి కొంచెం చెప్పాలి. కొండ వెనకాల రాకాసి గుళ్ళని జనం పిలిచే పాత సమాధులున్నాయి, పెద్ద పెద్ద బండలు నిలిపి కట్టినవి. అందులో దొరికింది. తన ఇరవయ్యేడో ఏట గురువుగారే తుప్పు వదిలించి దాన్ని వెలుగులోకి తెచ్చారు. పేపర్లో ఫొటో పడింది, మ్యూజియంకి పేరొచ్చింది. ఆమె రిటైరై ఆరేళ్ళయినా ఆ పెట్టె తాళం మాత్రం ఆమె దగ్గరే. ఏటా రెండుసార్లు వచ్చి, తలుపు వేసుకుని, కత్తికి మైనం పూసి వెళతారు. ఆ రోజూ ఆ పని మీదే వచ్చారు. ఇంకొకర్ని వేలు పెట్టనివ్వరు. పెద్దావిడ చాదస్తం అని మేం చాటున నవ్వుకునేవాళ్ళం.

బల్ల మీద మెత్తటి గుడ్డ పరిచి, కత్తిని పెట్టి, "చెప్పు" అన్నారు.

పరాంకుశం బల్ల దగ్గరికి జరిగాడు. తర్వాత మెల్లగా గొంతు పనిలో పడింది. "రెండు మూరలకి కాస్త తక్కువ. ఒకే ముద్ద కాదు. మూడు రేకులు పేర్చి, కాల్చి, సాగగొట్టారు. కలిసిన చోట వెంట్రుకంత గీత కనిపిస్తోంది. నడుమ వెన్ను ఎత్తుగా ఉంచి రెండంచులకీ పల్చన చేశారు. మొన దగ్గర ఒక సమ్మెటదెబ్బ పక్కకి పడింది, మళ్ళీ సర్దాడు. పిడి కట్టెది, మట్టిలో కలిసిపోయింది. దాని మీది రాగిపట్టీ మిగిలింది. పట్టీ మీద మొనదేలిన ఉలితో కొట్టిన చుక్కలు, రెండు వరసలు. మొదట్లో ఎడంగా ఉన్నాయి. చివరికొచ్చేసరికి చోటు చాల్లేదు, ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి." కొంచెం నవ్వాడు. ఏడాదిలో నేను చూసిన నవ్వు అదొక్కటే. "కొలుచుకోకుండా మొదలుపెట్టాడమ్మా, పాపం."

"తిప్పు" అన్నారామె.

ఇన్నేళ్ళలో ఆ కత్తి రెండో వైపు మేం చూడలేదు. పరాంకుశం రెండు చేతులతో పట్టుకుని తిప్పాడు. అటంతా తుప్పే. మొననుంచి పిడిదాకా ముదురు గోధుమరంగులో గరుగ్గా, తవ్వితీసిన నాడు ఎలా ఉందో అలాగే ఉంది.

"సగంలో వదిలేశారేంటమ్మా?" అన్నాడు. శిష్యుడికి గురువు తప్పు దొరికితే వచ్చే గొంతు అది.

ఆమె భూతద్దం అతని చేతిలో పెట్టారు. అతను వంగి చూశాడు. అద్దాన్ని మొననుంచి పిడి వైపు మెల్లగా జరిపాడు.

"బట్ట" అన్నాడు చివరికి. "తుప్పులో బట్ట ఉంది. నూలు ఎప్పుడో పోయింది, ఇనుము దాని అచ్చు పట్టుకుంది. పడుగూ పేకా తెలుస్తున్నాయి. కత్తిని బట్టలో చుట్టి పెట్టారు ఎవరో. కొత్తబట్ట కాదమ్మా, కట్టి కట్టి నలిగిన బట్ట. ఇదుగో, ఇక్కడ చిరిగితే కుట్టారు. చిన్న చిన్న కుట్లు, దగ్గర దగ్గరగా. నిదానమైన చెయ్యి. కుట్టు ఇట్లా ఏటవాలుగా వచ్చి, అంచు దాకా వచ్చి..."

ఆగిపోయాడు. కత్తిని మళ్ళీ మొదటివైపుకి తిప్పాడు. కుట్టు అంచు దాటి అటు సాగాలి. అటువైపు శుభ్రమైన ఇనుము ఉంది. ఇంకేమీ లేదు.

"ఇరవయ్యొక్క రోజులు పట్టింది ఆ వైపు," అన్నారు గురువుగారు. "బ్రష్షుతో, ఈ చేత్తోనే. పొడి రాలుతుంటే ఊది పారేశాను. అందరూ మెచ్చుకున్నారు. ఆ తర్వాత తిప్పాను."

ఆమె తలుపు ఎందుకు వేసుకుంటారో నాకు అప్పుడు తెలిసింది. ముప్పయ్యేడేళ్ళుగా ఏటా రెండుసార్లు, ఎవరో తెలియని మనిషి కుట్టిన ఆ కుట్టు ముందు ఆమె ఒక్కరే కూర్చుంటున్నారు. ఆ మాట పంచుకోవటానికి ఒక్కరూ లేరు ఆమెకి. ఉన్న ఇద్దరమూ చాటున నవ్వుకుంటున్నాం. నాకు సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది.

పరాంకుశం మాత్రం వదల్లేదు. "అట్లా ఉంచేస్తే తుప్పు లోపలికి తినేస్తుంది కదమ్మా. మీరే చెప్పారు." భూతద్దం బల్ల మీద పెట్టాడు. "తినీ తినీ కత్తే మిగలదు."

"తింటుంది," అన్నారామె.

కత్తిని తుప్పువైపు పైకి వచ్చేలా పెట్టారు. జాకెట్టు చేతిలో దోపుకున్న మెత్తటి గుడ్డ తీసి, తను తెచ్చుకున్న మైనంలో అద్ది, ఇన్నేళ్ళూ ఎవరికీ ఇవ్వని ఆ గుడ్డని అతని చేతికిచ్చారు.

"ఆ వైపుని నేను బాగుచెయ్యలేదు నాయనా. ఇంకా పాడవకుండా చూసుకుంటున్నాను. అంతే."