నక్క నోట ఊఁ

నల్లచరియ అంటే తుమ్మలూ రేగుకంపలూ పెరిగిన ఒక చిట్టడవి, దాని నడుమ ముందుకు వంగిన ఒక పెద్ద బండ. ఆ బండ కింద పది పన్నెండు జీవాలు పట్టేంత పొడి నేల. వానాకాలం వచ్చిందంటే బొరియలన్నీ నిండిపోతాయి, పొదలన్నీ కారిపోతాయి. కోరలున్నవీ లేనివీ అన్నీ ఆ బండ కిందికే చేరాలి. వేరే దిక్కు లేదు.

మరి ఒకదాన్నొకటి తినెయ్యవా అంటే, అందుకో కట్టుబాటు ఉంది. బండ కింద కథ నడుస్తున్నంతసేపూ ఎవరూ పన్ను బయటపెట్టకూడదు. కథంటే ఒకరు చెప్పాలి, కోరలున్నవాళ్ళలో ఒకరు ఊఁ కొట్టాలి. ఊఁ కొట్టారంటే మాటిచ్చినట్టే, కథ అయిపోయేదాకా వినాలి. మధ్యలో లేచిపోతే ఆ వానాకాలమంతా మళ్ళీ బండ కింద అడుగు పెట్టడానికి లేదు.

ఇన్నేళ్ళూ కథ చెప్పింది ఒక ముసలి తాబేలు. వాన పట్టినప్పుడు మొదలుపెట్టి, వెలిశాక ముగించేది. కిందటి చలికాలంలో పోయింది.

ఇక కథ ఎవరు చెప్తారని అందరూ ఒకరి మొహాలొకరు చూసుకుంటుంటే నక్క గొంతు సవరించుకుంది.

"తాబేలు తాత కూర్చున్నచోట ఎవరు పడితే వాళ్ళు కూర్చుంటే ఏం బాగుంటుంది? నేను వింటాను. బాగుంటే బాగుందని చెప్తాను. ఎండాకాలమంతా ఉందిగా, ఒక్కొక్కరే రండి."

అందరికీ సబబుగానే తోచింది. నక్కకు మాటలు తెలుసు కదా అనుకున్నారు. నక్కకు ఆకలి కూడా తెలుసని ఎవరికీ తట్టలేదు.

ముందు ముసలి మేక వెళ్ళింది. రెండు మాటలు చెప్పిందో లేదో, "ఉహూఁ" అంది నక్క. "నీది కథ కాదత్తా, గొణుగుడు."

కుందేలు వెళ్ళింది. "ఉహూఁ. వినేలోపే అయిపోయింది. ఎవరైనా తరుముతున్నారా నిన్ను?"

కౌజుపిట్ట వెళ్ళింది. "ఉహూఁ. ఇలాంటిది నిరుడే విన్నాం."

ఎవరికీ ఒక్క ఊఁ పడలేదు. ఉహూఁ అనిపించుకున్నవాళ్ళు రెండోసారి పోలేదు. మళ్ళీ మళ్ళీ పోయింది సున్నమ్మ ఒక్కతే.

సున్నమ్మ గాడిద. పన్నెండేళ్ళు సున్నపు బట్టీలో బరువులు మోసింది. మోయలేకపోయిన ఏడాది తోలేశారు. దాని వీపు మీద రెండుచోట్ల వెంట్రుక మొలవదు. లోపల ఒక కథ ఉంది, ఎప్పట్నుంచో. ఒంటరిగా గడ్డి నములుతున్నప్పుడు ఆ కథ చక్కగా నడిచేది. ఎవరి ముందైనా నోరు తెరిస్తే మాత్రం అదే కథ కాళ్ళు చాపి కూర్చునేది.

"అనగనగా..." అంది సున్నమ్మ మొదటిసారి.

"ఉహూఁ. అందరూ నమిలి ఊసేసిన మాట."

వారం పోయాక మళ్ళీ వచ్చింది. "ఒక బట్టీ ఉండేది మావా..."

"ఉహూఁ. బట్టీ ఎవరిక్కావాలి? రాజు లేడా?"

"లేడు."

"పోనీ, రాజకుమారి?"

"లేదు మావా. సున్నం ఉంది."

నక్క నవ్వలేదు. నవ్వినా బాగుండేది. జాలిగా చూసింది.

"నీ మనసు మంచిదే సున్నమ్మా. కాని గొంతు సంగతి చూడు. నువ్వు గుసగుసలాడినా ఓండ్ర పెట్టినట్టే ఉంటుంది. అలాంటి గొంతున్నప్పుడు మొదటి మాటైనా గొప్పగా ఉండాలి కదా. మొదటి మాట కుదిరితే మిగతాది దానంతటదే వస్తుంది. కుదిరాక రా."

ఎండాకాలమంతా సున్నమ్మ మొదటి మాట వెతికింది. దొరికినట్టే ఉండేది, పొద్దున లేచి చూస్తే పేలవంగా కనపడేది. పారేసి ఇంకోటి వెతికేది. పారేసినవాటిలోనే ఏదో మంచిది పోయిందేమోనని మళ్ళీ వెనక్కి పోయేది. రోజంతా ఒక్క అడుగు వెయ్యకుండానే ఒళ్ళు పులిసిపోయేది. మొయ్యడం కంటే ఇదే బరువు. మోసినన్నాళ్ళూ సాయంత్రానికి ఎవరో ఒకరు దించేవాళ్ళు.

"ఏమే, ఇంకా మొదటి మాటేనా?" అని మేక పలకరించింది ఒకరోజు.

"కుదరట్లేదత్తా."

"కుదరకపోతే రెండోది చెప్పెయ్."

"మొదటిది లేకుండా రెండోది ఎట్లా చెప్తాను?"

"నాకేం తెలుసు? నాది గొణుగుడట!" అని మేక రేగుకంప పీక్కుంటూ పోయింది.

ఇంతలో ఓ మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా వాన దిగింది. అరగంటలో బొరియలు నిండాయి. అందరూ తడిసి ముద్దయి బండ కిందికి పరుగెత్తారు. కుందేలు మూడు పసికందుల్ని ఒక్కోదాన్నీ నోట కరుచుకుని తెచ్చి, బాగా లోపల గోడవార దాచి, వాటి మీద ఒత్తిగిలి కూర్చుంది. కళ్ళయినా తెరవని పిల్లలు. నక్క అందరికంటే ముందే వచ్చి పొడిచోట పడుకునుంది. వాన రోజులు దగ్గరపడ్డాయని మూడు రోజులుగా అది వేటకే పోలేదు. అక్కర్లేదనుకుంది.

"మరి కథ ఎవరిది?" అంది మేక.

"ఏం చెప్పమంటావత్తా!" నక్క నిట్టూర్చింది. "ఎవరిదీ కుదరలేదు. నేనెంత ఓపిగ్గా విన్నానో మీ అందరికీ తెలుసు."

"అయితే ఇప్పుడెట్లా?"

"కథ లేకపోతే కట్టుబాటూ లేదు. నేను పెట్టిన కట్టుబాటా అది?"

అప్పుడర్థమైంది అందరికీ. చాలా ఆలస్యంగా అర్థమైంది. నక్క చూపు గోడవైపు తిరిగింది. దానికీ కుందేలుకీ మధ్య ఆరడుగుల దూరం కూడా లేదు.

"సున్నమ్మక్కా!" కుందేలు పిల్లల్ని ఇంకా దగ్గరికి లాక్కుంది. "ఏదో ఒకటి చెప్పక్కా. నీ దగ్గర ఉందన్నావుగా. ఏదైనా సరే."

సున్నమ్మ నోరు తెరిచింది. ఎండాకాలమంతా వెతికిన మొదటి మాటలన్నీ ఒక్కసారే బయటికి రాబోయి గొంతులో ఇరుక్కున్నాయి.

"నాకింకా కుదరలేదే..." అంది.

నక్క లేచి ఒళ్ళు విరుచుకుంది.

సున్నమ్మ తన్నకూడదా అంటారేమో. తన్నే సత్తువ ఆ కాళ్ళలో ఎప్పుడో అయిపోయింది. నిలబడటం మాత్రం వచ్చు. సున్నమ్మ ఈడ్చుకుంటూ వెళ్ళి నక్కకీ కుందేలుకీ మధ్య అడ్డంగా నిలబడింది.

"జరుగు," అంది నక్క.

"జరగలేను మావా."

"ఎందుకని?"

"నడుం పట్టేసింది. వాన పడితే ఈ కాలినచోటు సలుపుతుంది."

"సలిపితే సలిపింది. జరుగు."

"ఆ రోజూ ఇట్లాంటి వానే మావా. బట్టీ దగ్గర బయల్దేరినప్పుడు ఒక్క మబ్బు లేదు."

నక్క సున్నమ్మ కాళ్ళ సందుల్లోంచి పిల్లల్ని చూస్తోంది. "ఊఁ, ఊఁ" అంది విసుగ్గా.

"వీపు మీద అప్పుడే కాల్చిన సున్నం, రెండు గోనెలు. నీళ్ళు తగిలితే ఆ సున్నం ఉడుకుతుంది కదా."

"ఊఁ! అయితే ఏంటి? జరగమంటుంటే!"

"ఆగండాగండి!" మేక కేక పెట్టింది. "ఊఁ కొట్టాడు!"

నక్క అదిరిపడింది. "ఎవరు?"

"నువ్వేరా అబ్బాయ్! ఒకటి కాదు, వరసబెట్టి కొట్టావు. విన్నారా అందరూ?"

"నేను విన్నా," అంది కౌజుపిట్ట.

"నేనూ విన్నా," అంది కుందేలు.

"అది జరగమని అన్న ఊఁ అత్తా!"

"ఊఁల్లో రకాలున్నాయని మాకెప్పుడూ చెప్పలేదే!"

"ఇదసలు కథేనా?" నక్క గొంతు పెంచింది. "నడుం నొప్పి చెప్పుకుంటోంది! ఎక్కడైనా కథ నడుం నొప్పితో మొదలవుతుందా?"

"అది తేల్చాల్సింది ఊఁ కొట్టినవాళ్ళు కాదు, చెప్పేవాళ్ళు." మేక సున్నమ్మ వైపు తిరిగింది. "నువ్వు చెప్పవే. ఇది కథా, నొప్పా?"

బండ కింద అందరూ సున్నమ్మ వైపు మెడలు చాచారు.

కథ అనాలంటే సున్నమ్మకు నోరు రాలేదు. కథంటే ఇలా ఉండదని ఎండాకాలమంతా విన్నది. రాజు లేడు, గొప్ప మాట లేదు, గొంతు లేదు. ఈ నాలుగు మాటలైనా నడుం సలుపుతుంటే వాటంతటవే జారినవి. కథ అన్నాక మిగతాది చెప్పలేకపోతే? నొప్పి అనేస్తే సులువు. జరగమంటారు, జరుగుతుంది, పడుకుంటుంది. కాని జరిగితే ఆ కళ్ళు తెరవని మూడూ ఉండవు.

ఇంకోటి కూడా మెల్లగా తట్టింది దానికి. మొదటి మాట ఎప్పుడో దాటిపోయింది. అదేమిటో కూడా సరిగ్గా గుర్తు లేదు.

"కథే," అంది సున్నమ్మ. గొంతు ఓండ్రలాగే వచ్చింది. "కథే మావా. కూర్చో."

నక్క కూర్చుంది.

కథ ఏమంత నున్నగా నడవలేదు. తనతోపాటు ఇంకో గాడిద ఉండేదని, దాని పేరు చిట్టెమ్మని చెప్పడం మర్చిపోయి, వాగు దాకా వెళ్ళాక గుర్తొచ్చి వెనక్కొచ్చింది. రెండుచోట్ల చెప్పిందే చెప్పింది. ఒకచోట ఏడుపొచ్చి చాలాసేపు ఆగింది. గోనెలు పొగలు కక్కుతుంటే యజమాని బండి కింద దూరాడట. చిట్టెమ్మ మంట తట్టుకోలేక వాగులోకి దూకిందట. నీళ్ళు తగిలేసరికి గోనెలోంచి బుసబుసమని పొంగిందట.

"వాగులో దూకితే చల్లబడాలి కదా?" అంది నక్క, ఉండబట్టలేక.

"మంచి మాట అడిగావు మావా," అని సున్నమ్మ సున్నం ఎట్లా కాలుస్తారో, ఎట్లా నింపుతారో, ఏ గోనె ఏ గాడిదకో మొత్తం చెప్పుకొచ్చింది. అందులోనే సాయంత్రం అయిపోయింది. నక్క మళ్ళీ ఏమీ అడగలేదు. పొట్ట మాత్రం గుర్రుమంది.

"ఊఁ కొట్టు అబ్బాయ్," అంది మేక.

"ఊఁ..."

"వినపడలేదు."

"ఊఁ!"

తెల్లారింది. వాన ఆగలేదు. కథలో సున్నమ్మ ఇంకా చిట్టెమ్మ నడుం తాడును పళ్ళతో కొరుకుతోంది, తన వీపు మీద గోనెలు పొగలు కక్కుతుండగానే. తాడు రెండు పోగులు తెగింది. ఇంకా చాలా పోగులున్నాయి. కౌజుపిట్ట రెక్కలో తల దాచుకుని వింటోంది. కుందేలు పిల్లల్లో ఒకటి కళ్ళు తెరిచింది.

"సున్నమ్మా," నక్క నీరసంగా అడిగింది. "నిజం చెప్పు. ఇంకెంత ఉంది?"

సున్నమ్మ తెగాల్సిన పోగులు లెక్కపెట్టబోయి మానేసింది.

"తెలీదు మావా. ఇంత దూరం వస్తాననే అనుకోలేదు."

అబద్ధమైతే నక్క పట్టేసేదే. నిజం కాబట్టి ఏమీ చెయ్యలేకపోయింది. మరో రెండు ఊఁలు కొట్టి, లేచి, ఎవరి మొహమూ చూడకుండా వానలోకి దిగింది. తోక నుంచి నీళ్ళు కారుతుంటే తుమ్మల మధ్య కనపడకుండా పోయింది. ఆ వానాకాలం దానికి బండ కింద చోటు లేదు.

"పోయాడక్కా!" కుందేలు ఏడుస్తూ నవ్వింది. "పోయాడు! ఇంక నువ్వు కూడా నడుం వాల్చు. ఎంతసేపైందో నిలబడి."

"చిట్టెమ్మ ఇంకా వాగులోనే ఉందే. ఒడ్డెక్కించొద్దూ?"

"ధైర్యమొచ్చేసిందే నీకు!"

"ఎక్కడొచ్చింది? చూడు, కాళ్ళు ఎట్లా వణుకుతున్నాయో." సున్నమ్మ మళ్ళీ కథ అందుకోబోయింది. "ఊఁ కొట్టు."

"నాకు కోరల్లేవు కదక్కా, నా ఊఁ లెక్కలోకి రాదు."

"అయినా కొట్టు."

"ఊఁ," అంది కుందేలు.

నీతి: వణుకు పోయాక మొదలుపెడదామని కూర్చుంటే వణుకొక్కటే మిగులుతుంది, వణుకుతూ మొదలుపెడితే వణుకుతోపాటు కథ కూడా మిగులుతుంది.