పేర్లు లెక్కపెట్టిన కొంగ

అవతలి గట్టు అడవిలో చిరుత పెట్టే బాధలు పడలేక పారిపోయి వచ్చిన జీవాలు ఏటి నడుమ లంకలో తలదాచుకున్నాయి. వాటిలో ఒక గోరింక తుమ్మకొమ్మ మీద కూర్చుని చిరుత చేసిన ఘోరాలన్నీ అందరికీ చెబుతుండేది.

ఓ ఉదయం పొరుగున ఉండే ముసలి కొంగ శాంతయ్య వచ్చి దాని పక్కన వాలాడు.

"అమ్మాయ్, మీ అమ్మ గూడు ఇంకా అవతలి గట్టు ఈతచెట్టు మీదేగా? చిరుత దొరగారు అడిగారు. నోరు కాస్త కట్టుకోమన్నారు."

గోరింక నమ్మలేకపోయింది. జ్వరమొస్తే ముక్కుతో నీళ్లు తెచ్చి పోసిన తాతేనా ఈ మాట అన్నది! వెంటనే వెళ్లి లంక పెద్దమనిషి ఎద్దుకు చెప్పింది.

"నిన్ను పొడిచాడా?"

"లేదు మావా, మాటే."

ఎద్దు నెమరు ఆపింది. "కుమ్మినవాడికీ కరిచినవాడికీ మన దగ్గర శిక్ష ఉంది. మాటకు లేదే! అయితే ఇవాళే పెడదాం."

పంచాయతీ కూడింది. "అవతలి గట్టు బెదిరింపును ఇక్కడికి మోసుకొచ్చినవాడు లంక విడిచిపోవాలి. ఒప్పుకునేవాళ్లు లేవండి," అంది ఎద్దు.

ఎవరూ కదల్లేదు. గోరింక ఒక్కతే లేచింది. కాసేపటికి కుందేలు లేచింది. తర్వాత ముంగిస, జింక, ఆపైన అందరూ.

"కట్టుబాటు ఖాయం! శాంతయ్యా, నీ మెడ పొడుగు. ఎంతమంది లేచారో చెప్పు."

కొంగ కళ్లు గబగబా తిరిగాయి, అలవాటు కొద్దీ నోరు గొణిగింది. "కుందేలు... అవతల గుట్ట వెనక బొరియ, ఇద్దరు చెల్లెళ్లు. ముంగిస... పుట్ట పక్కన ముసలి తండ్రి. జింక..."

"నేనడిగింది లెక్క. నువ్వు చదువుతున్నది ఎవరి కోసం?"

"మా చెల్లెళ్ల పేరెత్తి నన్నూ బెదిరించాడు!" అని కుందేలు గొల్లుమంది.

"నన్నూ!" అంది ముంగిస. ఎవరికి వారే తమనొక్కరినే బెదిరించాడనుకుని ఇన్నాళ్లూ నోరు మూసుకున్నారు.

కొంగ రెక్కలు విదిల్చాడు. "లేచినవాళ్ల పేర్లన్నీ ఈ పొద్దే దొరగారికి చేరతాయి. ఆనక మీ వాళ్ల గతి మీరే చూసుకోండి!"

"కట్టుబాటు పుట్టి క్షణం కాలేదు, అప్పుడే తప్పావు. ఇక బయల్దేరు!" అంది ఎద్దు కొమ్ములు వంచి.

కొంగ ఏరు దాటి చిరుత ముందు వాలాడు. "గుట్టు బయటపడ్డ వేగు నాకెందుకు?" అని చిరుత ఒక్క గాండ్రింపుతో తరిమేసింది.

గోరింక మళ్లీ కొమ్మెక్కింది. అమ్మ ఇంకా అవతలే ఉంది. అయినా చెప్పడం ఆపలేదు.

పరాయి కోరలు మోసే ముక్కును ఊరు ఉపేక్షిస్తే, ఊళ్లో ఏ నోరూ పెగలదు.